ఇయర్ వన్ క్లాసు, ఒక చెట్టు, పొడుగవుతున్న నీడ: లండన్ ప్రైమరీ స్కూల్లో ఒక ఆటమ్ టర్మ్ కేస్ స్టడీ

లండన్‌లో ఒక ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో ఇయర్ వన్ (అయిదారేళ్ళ పిల్లల తరగతి) క్లాస్ టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇంగ్లండ్‌లో చదువుల ఏడాది సెప్టెంబర్‌లో మొదలవుతుంది. అక్కడి నుంచి క్రిస్మస్ సెలవుల దాకా నడిచేది ఆటమ్ టర్మ్, మధ్యలో అక్టోబర్ చివర్లో సాధారణంగా ఒక వారం హాఫ్ టర్మ్ సెలవు. ఈ టర్మ్‌లో మా క్లాసులో ఏం చేశాం, ఎందుకలా చేశాం, పిల్లలకి నిజంగా ఏం వచ్చింది అన్నది వివరంగా రాస్తున్నా. ఇక్కడ పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకి, ఎక్కడున్నా సరే చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచర్లకి పనికొస్తుందని ఆశ. పిల్లల పేర్లు, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు ఇందులో ఉండవు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఆటమ్ టర్మ్ అంటే ఈవెంట్ల టర్మ్. హార్వెస్ట్ ఫెస్టివల్, బ్లాక్ హిస్టరీ మంత్, దీపావళి, బాన్‌ఫైర్ నైట్, రిమెంబరెన్స్ డే, యాంటీ బుల్లీయింగ్ వీక్, చివర్లో క్రీస్తు పుట్టుక కథతో వేసే నేటివిటీ నాటకం, ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక రంగుల బొమ్మ, కాస్త జిగురు, కాస్త మెరుపులు పెట్టి పంపించేస్తే గోడ నిండుతుంది, ఫోటోలు బాగా వస్తాయి, కానీ అయిదేళ్ళ పిల్లకి సోమవారం నేర్చుకున్నదానికీ వచ్చే సోమవారం చేసేదానికీ మధ్య ఏ లంకె ఉండదు. అందుకని మొదటి వారం నుంచి చివరి వారం దాకా మారకుండా ఉండేవి రెండు పెట్టుకున్నాం: స్కూల్ గ్రౌండు చివర ఉన్న ఒక హార్స్ చెస్ట్‌నట్ చెట్టు, ఆడుకునే చోట నిలబెట్టిన ఒక మీటరు కర్ర. వాటితోపాటు ఒక అలవాటు: ఏ వాక్యమైనా ముందు నోటితో అని, ఆ తర్వాతే రాయడం. ఈవెంట్లు వచ్చినప్పుడు వాటిని తెచ్చి ఈ రెండింటికీ కలిపాం, కలవనివాటిని తొందరగా ముగించేశాం.

సెప్టెంబర్‌లో పిల్లలు ఎలా ఉన్నారంటే

ఇంగ్లండ్‌లో అయిదేళ్ళు, ఆరేళ్ళు, ఏడేళ్ళ పిల్లల క్లాసుల్లో టీచర్‌కి 30 మందిని మించి ఉండకూడదని చట్టం ఉంది. మా క్లాసు ఆ అంచునే ఉంది. సెప్టెంబర్ 1న పుట్టిన పాప, మరుసటి ఆగస్టు 31న పుట్టిన బాబు ఒకే క్లాసులో ఉంటారు, అంటే క్లాసు మొదలయ్యే రోజుకి ఒకళ్ళకి ఆరేళ్ళు, ఇంకొకళ్ళకి అప్పుడే అయిదు నిండుతాయి. ఆ వయసులో ఏడాది తేడా అంటే చిన్నది కాదు, పెన్సిల్ పట్టుకున్న వేళ్ళు చూస్తేనే తెలిసిపోతుంది. దానికి తోడు అంతకుముందు ఏడాది రిసెప్షన్ అనే మొదటి క్లాసులో చాలావరకు ఆటల్లోనే నేర్చుకుని వచ్చినవాళ్ళు ఇయర్ వన్‌లో నేషనల్ కరికులమ్‌లోకి అడుగుపెడతారు. బల్ల, కుర్చీ, పుస్తకం, టైమ్‌టేబుల్, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

మొదటి వారంలో చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, వచ్చాక "మీరు చూసింది రాయండి" అన్నాం. అక్షరాలు దాదాపు అందరికీ వచ్చు, మూడు శబ్దాల చిన్న మాటలు చాలామంది రాయగలరు, కానీ వాక్యం రాయమంటే సగంమందికి పైగా దారి తప్పారు. "ద ట్రీ" అని రాసి, "ట్రీ"లో ఏ అక్షరం తర్వాత ఏది అని ఆలోచించేసరికి తర్వాత ఏం చెప్పాలనుకున్నారో మర్చిపోయి పెన్సిల్ నములుతూ కూర్చున్నారు. చెప్పడానికి ఏమీ లేక కాదు. చెట్టు కింద ఉన్నప్పుడు అదే పిల్లలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. ఆలోచన, స్పెల్లింగ్, చేతిరాత మూడూ ఒకేసారి చెయ్యమంటే ఆ వయసుకి తలకి మించిన పని.

వీళ్ళలో ఒక బాబు గురించి ప్రత్యేకంగా రాయాలి. ఆగస్టులో పుట్టినవాడు, ఆ వేసవిలోనే ఈ దేశానికి వచ్చాడు, ఇంట్లో తెలుగు. క్లాసులో నోరు విప్పలేదు. ఏడవడం లేదు, అల్లరి లేదు, చెప్పింది చేస్తున్నాడు, మిగతా పిల్లలు ఎటు వెళ్తే అటు వెళ్తున్నాడు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు ఇలా కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే. అది రోగం కాదు, మొండితనం కాదు. మాట్లాడమని వెంటపడకూడదు, అలాగని వదిలేయనూ కూడదు, వాడి చుట్టూ మాట నడుస్తూ ఉండాలి. నాకు తెలుగు రావడం వాడికి ఎంతో కొంత ఆసరా అయింది.

చెట్టు

హార్స్ చెస్ట్‌నట్ ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ చెట్టు దగ్గర ప్రతి వారం ఏదో ఒకటి జరుగుతుంది. సెప్టెంబర్ రాగానే ముళ్ళ కాయలు పగిలి లోపలి గోధుమరంగు గింజలు, కాంకర్లు, కింద పడతాయి. వాటిని జేబులో వేసుకోని పిల్లలుండరు. నోట్లో పెట్టుకోకూడదు, తింటే విషం, ఆ సంగతి మొదటిరోజే గట్టిగా చెప్పాం, లోపలికి రాగానే చేతులు కడుక్కోవడం రూలు. ఆ గింజలే మా లెక్కల సామాను అయ్యాయి. పది గళ్ళ టెన్ ఫ్రేమ్‌లో పెట్టి లెక్కపెట్టడం, పదిలో కొన్ని గిన్నె కింద దాచి ఎన్ని దాక్కున్నాయో చెప్పమనడం, పదులుగా గుట్టలు పోసి మొత్తం ఎన్నో చూడటం. ప్లాస్టిక్ బిళ్ళలతో చేసినా లెక్క అదే, కానీ తాము ఏరుకొచ్చిన గింజ అయితే మూడోసారి లెక్కపెట్టమన్నా విసుక్కోరు. నవంబర్‌కి అవే గింజలు మెరుపు పోయి, ముడుచుకుని, తేలికయ్యాయి. "లోపల నీళ్ళు ఎండిపోయాయి" అని ఒక పాప తనంతట తనే చెప్పింది.

ఇంకో సంగతి. సెప్టెంబర్‌లోనే ఆ చెట్టు ఆకులు సగం గోధుమరంగులో ఉంటాయి. పిల్లలు "ఆటమ్ వచ్చేసింది" అన్నారు, పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారు. నిజానికి అది కాలం తెచ్చిన రంగు కాదు. లీఫ్ మైనర్ అనే చిన్న చిమ్మటజాతి పురుగు పిల్లలు ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్య దూరి తినేస్తూ పోవడం వల్ల వచ్చే మచ్చలవి. బ్రిటన్‌లో ఆ పురుగుని మొదట చూసింది 2002లో, లండన్‌లోని వింబుల్డన్‌లో. ఆకుని కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూస్తే ఆకు నరాల మధ్య గోధుమరంగు మచ్చలు పలచగా, కాగితంలా కనబడతాయి, కొన్నిట్లో లోపల నల్లటి చుక్కలు. పక్కనే ఉన్న ఓక్ ఆకు పచ్చగా ఉంది, అదీ పక్కన పెట్టి చూపించాం. రెండు చెట్లకీ ఒకే ఎండ, ఒకే వాన, మరి ఒకదానికే ఎందుకు ఈ మచ్చలు? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు మధ్యాహ్నాలు గడిచాయి, మా టర్మ్‌లో అంత చర్చ మరి దేనిమీదా జరగలేదు.

అసలైన రంగు మార్పు అక్టోబర్‌లో వచ్చింది. ఆకులో ఆకుపచ్చ పదార్థం విరిగిపోతుంటే, ముందునుంచీ లోపలే ఉన్న పసుపు బయటపడుతుంది. అయిదేళ్ళ పిల్లకి అంతవరకు చాలు. క్లోరోఫిల్ అనే మాట కొందరికి నచ్చి ఇంటికెళ్ళి చెప్పారట, మంచిదే, కానీ అది నేర్పాలని పట్టుబట్టలేదు. కరికులమ్ అడిగేది నాలుగు కాలాల్లో మార్పులు గమనించడం, వాతావరణం, పగటి నిడివి ఎలా మారుతాయో చెప్పగలగడం, ఆకు రాల్చే చెట్లకీ ఏడాదంతా పచ్చగా ఉండేవాటికీ తేడా తెలియడం. గేటు పక్కన హాలీ పొద ఉంది కాబట్టి రెండోదానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది.

హాఫ్ టర్మ్ తర్వాత ఒక మంగళవారం చెట్టు కింద తడి ఆకులు ఏరుతున్నాం. మన తెలుగు బాబు అందిన కొమ్మ ఒకటి వంచి పట్టుకుని, ఆకు ఊడిన చోట వేలు పెట్టి చూస్తున్నాడు. హార్స్ చెస్ట్‌నట్ ఆకు రాలిన చోట గుర్రపు నాడా ఆకారంలో మచ్చ ఉంటుంది, అందులో మేకులు కొట్టినట్టు చిన్న చుక్కలు. దాని పైన, కొమ్మ కొసన, బంకగా ఉన్న గోధుమరంగు మొగ్గ. వాడు నా కోటు చేయి లాగి తెలుగులో అన్నాడు: "మిస్, ఇక్కడ మొగ్గ ఉంది. ఆకు పడకముందే ఉంది." పక్క కొమ్మ మీద ఇంకా ఊడని ఆకు చూపించాడు, దాని దగ్గర కూడా మొగ్గ ఉంది. సరిగ్గా చూశాడు. వచ్చే ఏడాది మొగ్గ వేసవిలోనే తయారవుతుంది, ఆకు తొడిమ అడుగున ఒక పొర ఏర్పడి ఆకుని వదిలించేసుకుంటుంది. నేను దాన్ని ఇంగ్లీషులో క్లాసుకి చెప్పి, "ఎవరు కనిపెట్టారో తెలుసా?" అని వాడి వైపు చూపించాను. పిల్లలంతా కొమ్మల మీద పడ్డారు. ఆ రోజు లోపలికి వచ్చాక వాడు "బడ్" అన్న ఒక్క మాట గట్టిగా అన్నాడు, బొమ్మ వేసి కింద రాశాడు కూడా.

నోటితో అని, వేళ్ళ మీద లెక్కపెట్టి

వాక్యం రాసే పద్ధతి ఇది. పిల్ల ముందు వాక్యం అంటుంది: "ద లీఫ్ ఈజ్ బ్రౌన్." ఎన్ని మాటలు? వేళ్ళు తెరిచి ఒక్కో వేలికి ఒక్కో మాట. నాలుగు. మళ్ళీ వేళ్ళు ముట్టుకుంటూ అంటుంది. పక్కనున్నవాళ్ళకి చెబుతుంది, వాళ్ళు తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు పెన్సిల్. మధ్యలో స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతే మళ్ళీ మొదటి వేలి నుంచి. ఇది నేను కనిపెట్టింది కాదు, రాసేముందు వాక్యం నోటితో కూర్చుకోవాలని ఇయర్ వన్ కరికులమ్‌లోనే ఉంది. చాలా చోట్ల ఇది ఎప్పుడో ఓసారి మొక్కుబడిగా జరుగుతుంది, మేం మాత్రం లెక్కలైనా, చరిత్ర అయినా, చెట్టు అయినా, ఏ రాతకైనా ఇదే పద్ధతి అని పట్టుబట్టాం.

మొదటి రెండు వారాలు చాలా నిదానంగా సాగింది. ఒక్క వాక్యానికి పావుగంట. టీచింగ్ అసిస్టెంట్‌కి, నాకు ఓపిక పరీక్షే. కానీ అక్టోబర్ సగానికి వేళ్ళు వాటంతటవే లేవడం మొదలైంది. నవంబర్‌లో ఒక పాప ఏమందంటే: "ద లీఫ్ వాజ్ బ్రౌన్ బికాజ్ ఎ క్యాటర్‌పిల్లర్ లివ్డ్ ఇన్ ఇట్." పది మాటలు, రెండు చేతుల వేళ్ళూ సరిగ్గా సరిపోయాయి. ఇయర్ వన్‌లో 'అండ్'తో రెండు ముక్కలు కలపడం వస్తే చాలు, 'బికాజ్' ఇయర్ టూ పని. మేం నేర్పలేదు. పురుగు గురించి వాదించుకున్న మధ్యాహ్నాల్లో నోటికి అలవాటైన మాట రాతలోకి వచ్చింది, అంతే.

దీనర్థం ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, విడగొట్టి రాయడం నేర్పే పాఠం, అక్కర్లేదని కాదు. రోజూ పొద్దున్నే ఫోనిక్స్ ఉంటుంది, దాన్ని ఏ ఈవెంట్ కోసమూ కదపలేదు. ఒకే శబ్దాన్ని రెయిన్, డే, కేక్ అనే మూడు మాటల్లో మూడు రకాలుగా రాయడం ఇయర్ వన్ పిల్లకి పెద్ద కొండే. జూన్‌లో ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ ఉంటుంది, 40 మాటలు, అందులో 20 అసలు లేని మాటలు, శబ్దాలు కలిపి చదవగలరా లేదా అని చూడటానికి. తెలుగు తల్లిదండ్రులు దాని గురించి పెద్ద పరీక్షలా టెన్షన్ పడతారు. అక్కర్లేదు. రోజూ పది నిమిషాలు స్కూల్ ఇచ్చిన పుస్తకం పక్కన కూర్చుని వినండి, అంతకంటే కోచింగ్ ఏదీ వద్దు.

నీడ

ఆడుకునే చోట మీటరు కర్ర నిలబెట్టి, మధ్యాహ్నం ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్న వేళ దాని నీడకి చాక్‌తో గీత గీసి, నీడంత పొడుగు రిబ్బన్ కత్తిరించి గోడకి వేలాడదీశాం. సూర్యుడి వైపు చూడకూడదు, నేల వైపే చూడాలి, అందుకే నీడ. మబ్బు పట్టిన వారం ఎండ వచ్చిన రోజు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం. లండన్ అక్షాంశంలో సెప్టెంబర్ మొదటి వారంలో మీటరు కర్ర నీడ దాదాపు మీటరే ఉంటుంది. సెప్టెంబర్ 22-23 దగ్గర మీటరుంబావు అవుతుంది. క్రిస్మస్ ముందు చూస్తే మూడున్నర మీటర్లు దాటుతుంది. గోడ మీద రిబ్బన్లు వరసగా వేలాడుతుంటే ఎవరూ చెప్పకుండానే అదో గ్రాఫ్. "ఆఖరి రిబ్బన్ ఎంతమందిమి?" అని ముగ్గురు పిల్లలు ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తల పెట్టి నేల మీద పడుకుని కొలిచారు.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఎవరైనా చేస్తే పనికొస్తుంది. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. వేసవి టైములో సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చేది ఒంటిగంట ప్రాంతంలో, ఆ తర్వాత పన్నెండుకి కాస్త అటూ ఇటూ. అందుకని హాఫ్ టర్మ్ ముందు ఒంటిగంటకి, తర్వాత పన్నెండుకి కొలవాలి. పిల్లలకి ఇది తికమకే, అయినా దాచకుండా చెప్పాం: గడియారం మనం మార్చాం, సూర్యుడు మారలేదు. సగంమందికి ఎక్కింది. మిగతావాళ్ళకి తర్వాత ఎక్కుతుంది.

దీపావళి ఇక్కడే కలిసింది. ఏటా రంగోలి ప్రింట్ తీసి రంగులు వెయ్యమంటారు, నాకు ఎప్పుడూ అసంతృప్తే. ఈసారి, దీపావళి అమావాస్య రాత్రి వస్తుందని, ఆ రాత్రి చంద్రుడు కనబడడని, అందుకే దీపాలు వరసగా పెడతారని చెప్పాం. అంతకు ముందు వారం ఇంటికెళ్ళి చంద్రుడు కనబడితే బొమ్మ వేసుకు రమ్మన్నాం. పొద్దులు తగ్గుతున్న సంగతి గోడ మీద రిబ్బన్లలో చూస్తున్న పిల్లలు కాబట్టి చీకటి, దీపం అనే మాటలకి వెంటనే పట్టు దొరికింది. హిందూ కుటుంబాల పిల్లలు తమ ఇంట్లో ఏం చేస్తారో చెబుతుంటే మిగతావాళ్ళు ప్రశ్నలు వేశారు, అదంతా నోటి పనే.

హార్వెస్ట్ ఫెస్టివల్ అనే పంటల పండుగకి, లేనివాళ్ళకి ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్ కోసం తెచ్చిన డబ్బాలు పదుల్లో పేర్చి లెక్కపెట్టాం, ఎవరికి వెళ్తాయో మాట్లాడుకున్నాం. చరిత్రలో గ్రేట్ ఫైర్ ఆఫ్ లండన్: 1666 సెప్టెంబర్ 2న పుడ్డింగ్ లేన్‌లోని రొట్టెల బట్టీలో మొదలై నాలుగు రోజులు మండింది. ఎండి ఉన్న ఊరు, చెక్క ఇళ్ళు, తూర్పు గాలి. సెప్టెంబర్‌లో ఏరి డబ్బాలో ఎండబెట్టిన ఆకు ఒక చేతిలో, నవంబర్ తడి ఆకు ఇంకో చేతిలో పెట్టి "ఏది తొందరగా మండుతుంది, ఎందుకు?" అని అడిగితే, ఊరెందుకు అంత తొందరగా కాలిపోయిందో పిల్లలే చెప్పారు. బాన్‌ఫైర్ నైట్‌కి పార్లమెంటుని పేల్చెయ్యాలనుకున్న 1605 కుట్ర కథ, బాణసంచా జాగ్రత్తలు, ఒక్క రోజులో ముగించాం. రిమెంబరెన్స్ డేకి, యుద్ధాల్లో చనిపోయినవాళ్ళని తలుచుకుంటూ, నవంబర్ 11న పదకొండింటికి రెండు నిమిషాల మౌనం, ఎందుకో ముందురోజే చెప్పి ఉంచాం, కదలకుండా నిలబడ్డారు.

నేటివిటీ మాత్రం డిసెంబర్ మధ్యాహ్నాలన్నీ తినేస్తుంది. అది తప్పు కాదు, అయిదేళ్ళ పిల్ల స్టేజి మీద నిలబడి వినబడేలా ఒక వాక్యం చెప్పడం కూడా చదువే. రిహార్సల్ పొద్దున్న వద్దు, ఫోనిక్స్ తర్వాతే అని మాత్రం గట్టిగా నిలబడ్డాం. మన బాబు గొర్రెపిల్ల వేషం అడిగి తీసుకున్నాడు, మాటలు లేని వేషం. వెనక నిలబడి అందరి డైలాగులూ పెదవులతో అంటున్నాడు, ఒక్కటీ తప్పు పోలేదు.

ఇంట్లో ఏ భాష

పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఆ బాబు వాళ్ళమ్మ చాలా దిగులుగా అడిగింది: "మేడమ్, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటారా? వాళ్ళ నాన్నగారు అదే అంటున్నారు."

"అస్సలు మానొద్దండి" అన్నాను. మొగ్గ ముందే ఉందని వాడు గమనించింది, ఆలోచించింది, చెప్పింది తెలుగులో. ఆ ఆలోచన ఉండబట్టే దానికి ఇంగ్లీషు మాట తగిలించగలిగాం. అమ్మానాన్నలకి తమకి బాగా వచ్చిన భాషలో చెప్పినంత వివరంగా, ఓపిగ్గా, అరువు భాషలో చెప్పడం రాదు. పిల్లాడికి ఇంట్లో పొడి పొడి మాటలు దొరికితే స్కూల్లో కూడా పొడి మాటలే వస్తాయి. ఆవిడకి ఇచ్చిన పని ఒక్కటే: సాయంత్రం నడిచి వెళ్ళేటప్పుడు వాడు చూసినదాని గురించి తెలుగులో ఎందుకు, ఎలా అని అడగండి, వాడు చెప్పేదాకా ఆగండి. ఇది ఇక్కడ ప్రతి తెలుగు ఇంటికీ చెప్పాలనిపిస్తుంది. "స్కూల్లో ఎప్పుడూ ఆటలే, హోమ్‌వర్క్ ఎందుకివ్వరు?" అని అడిగే ప్రతి నాన్నగారికి కూడా ఇదే హోమ్‌వర్క్ అని చెబుతున్నాను.

డిసెంబర్‌లో ఎక్కడున్నారు

చివరి వారంలో మళ్ళీ అదే చెట్టు దగ్గరికి వెళ్ళి అదే మాట: "మీరు చూసింది రాయండి." సెప్టెంబర్ కాగితం పక్కన పెట్టి చూశాం. ఎక్కువమంది పెద్ద అక్షరంతో మొదలుపెట్టి ఫుల్‌స్టాప్‌తో ముగిసే వాక్యం ఒకటైనా సొంతంగా రాశారు, కొందరు మూడు నాలుగు. ఇదంతా చెట్టు వల్లే అని నేను చెప్పను. రోజూ ఫోనిక్స్ ఉంది, పిల్లలు నాలుగు నెలలు పెద్దవాళ్ళయ్యారు. కానీ రాసింది ఏమిటన్నది చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది: "ద ట్రీ ఈజ్ బిగ్" దగ్గర ఆగిపోయిన పిల్లలు మచ్చల గురించి, బంక మొగ్గల గురించి, పురుగు గురించి రాశారు. ఎవరూ బోర్డు మీద చూసి రాయలేదు. లెక్కల్లో పది లోపు కూడిక జంటలు (మూడూ ఏడూ పది లాంటివి) దాదాపు అందరికీ నోటికొచ్చాయి.

అందనివాళ్ళూ ఉన్నారు. కొద్దిమంది, ఎక్కువగా వేసవిలో పుట్టినవాళ్ళు, వాక్యం నోటితో చక్కగా చెబుతారు కానీ రాతలో ఇంకా మాటకి మొదటి శబ్దం, చివరి శబ్దం రాసి ఊరుకుంటారు. వాళ్ళకి అడ్డం ఆలోచన కాదు, మధ్యలో శబ్దాలు విడగొట్టడం. జనవరి నుంచి వాళ్ళకి అసెంబ్లీ సమయంలో చిన్న గుంపుగా అదనపు ఫోనిక్స్ పెడుతున్నాం, టీచింగ్ అసిస్టెంట్ తీసుకుంటారు. తెలుగు బాబు ఆ గుంపులో ఉంటాడు, అయితే చెట్టు దగ్గర మాట్లాడే జంటల్లో మాత్రం వాడిని ఆ 'బికాజ్' పాప పక్కన వేశాను. నీడ రిబ్బన్లు గోడ మీదే ఉంచుతున్నాం, స్ప్రింగ్ టర్మ్‌లో కొలిచేవి వాటి పక్కనే వేలాడదీస్తాం. అందిన కొమ్మల్లో ఒకదానికి ఎర్ర ఊలు దారం కట్టి ఉంచాం, ఆ మొగ్గ ఏ వారంలో విచ్చుకుంటుందో ప్రతి పిల్లా తన అంచనా రాసి ఇచ్చింది.